డ్రిల్లు పీరియడును పిల్లలకే వదిలిపెట్టండి: రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖ మంత్రులకు, కార్యదర్శులకు, కమిషనర్లకు, జిల్లా విద్యాశాఖాధికారులకు నమస్కారాలు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. క్రీడాకారుల గురించి చెప్పదలచుకున్న మాటలను క్రీడల శాఖకు కాకుండా మీకు ఎందుకు రాస్తున్నానో ముందే మనవి చేస్తాను. తెలుగు నేల నుంచి ప్రపంచ స్థాయికి ఎదిగిన క్రీడాకారుల జీవితాలను వరసగా పెట్టి చూసుకుంటే, దాదాపు అందరి విషయంలోనూ అసలు సంగతి ఎనిమిదో ఏటికీ పదిహేనో ఏటికీ మధ్యనే తేలిపోయినట్టు కనిపిస్తుంది. ఆ వయసులో బిడ్డ ఉండేది ఇంట్లో, బడిలో. క్రీడా సంస్థలు, సమాఖ్యలు, స్పాన్సర్లు ఆ బిడ్డ వంక చూసేది ఆ తర్వాతే. ఇంటి పెంపకాన్ని ఉత్తర్వులతో మార్చలేం గానీ, బడిలో గడిచే కాలం పూర్తిగా మీ చేతిలో ఉంది. ఆ కాలంలో ఆటకు దక్కాల్సిన వాటా ఏళ్ల తరబడి దక్కడం లేదన్నదే నా ఫిర్యాదు. దాన్ని పిల్లలకు తిరిగి ఇప్పించమన్నదే నా విన్నపం.

2016లో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజత పతకం గెలిచినప్పుడు తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్ల రూపాయలు ప్రకటించాయి. వాటితో పాటు ఇళ్ల స్థలాలు, గ్రూప్-1 స్థాయి ఉద్యోగం కూడా ఇస్తామన్నాయి. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. వీటిలో ఒక్క రూపాయిని కూడా నేను తప్పుపట్టను. ఆ అమ్మాయిలు పడిన శ్రమకు అది ఎక్కువేమీ కాదు. అయితే ఇలాంటి సన్మాన సభల్లో వేదిక మీద తల్లిదండ్రులకు శాలువా కప్పుతున్నప్పుడల్లా నా మనసులో ఒక ప్రశ్న మెదిలేది. ఈ బిడ్డ నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఆమె పక్కన ప్రభుత్వం తరఫున ఎవరున్నారు? ఉంటే గింటే ఒక పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు, ఉండి ఉంటాడు. ఆ పీఈటీ కూడా లేని బళ్లలో చదివిన పిల్లల పేర్లు మనకెవరికీ తెలియవు.

దీప్తి సంగతే తీసుకోండి. ఉమ్మడి వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ ఆమె ఊరు. తల్లిదండ్రులు కూలి పనులు చేసుకుని బతికేవారు. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉండటంతో ఊళ్లో కొందరు ఆ పిల్లకు పేర్లు పెట్టి ఎగతాళి చేశారు. ఎక్కడైనా వదిలేసి రమ్మని తల్లికి సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. ఆమె గెలిచాక ఆ తల్లిదండ్రులే ఈ విషయాలను విలేకరులకు చెప్పుకున్నారు. వాళ్లు బిడ్డను వదలలేదు, దాచిపెట్టనూ లేదు. అందరి పిల్లల్లాగే బడికి పంపారు. ఊళ్లో ఒక ఫౌండేషన్ నడిపే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును కనిపెట్టి పోటీలకు తీసుకెళ్లారు. ఖమ్మంలో జరిగిన రాష్ట్ర స్థాయి పోటీల్లో కోచ్ నాగపురి రమేశ్ గారి కంట పడింది. హైదరాబాద్ పంపించమని ఆయన అడిగితే, బస్సు ఛార్జీకి కూడా తడుముకోవలసిన పరిస్థితి ఆ ఇంటిది. ఆయనే దారి చూపి రప్పించుకున్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారు పోటీపడే 400 మీటర్ల టీ20 విభాగంలో ఆమె 55.07 సెకన్లలో పరుగు ముగించి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది.

ఈ కథలో ఇంటి పెంపకం ఎక్కడుందని వెతికితే నాకు కనిపించేది ఇది. ఆ తల్లిదండ్రులకు ట్రాక్ తెలియదు, ఏ ఆటగాడికి ఏ తిండి పెట్టాలో తెలియదు, ఏ పోటీ తర్వాత ఏ పోటీ వస్తుందో తెలియదు. ఊరి మాటను మాత్రం గడప దాటి లోపలికి రానివ్వలేదు. తమకు తెలియని దారి గురించి తెలిసిన మనిషి వచ్చి చెప్పినప్పుడు నమ్మి పంపారు. ఈ రెండు పనులు చేయగల తల్లిదండ్రులు మన ఊళ్లలో వేలల్లో ఉన్నారని నా ఉద్యోగ జీవితం మొత్తంమీద నాకు కలిగిన నమ్మకం. కరువైందల్లా ఆ తెలిసిన మనిషే. ఆ మనిషిని ప్రతి బడికీ పంపగలిగినవారు మీరు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి విజయాల గురించి రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు మనం పేదరికాన్ని ఒక గురువులా చూపిస్తున్నాం. కష్టాలు పడింది కాబట్టే ఇంతటిది అయిందని సభల్లో చెబుతున్నాం. నేను చూసిన పేదరికం ఎవరినీ విజేతలను చేయలేదు. అది మండల స్థాయిలో మొదటి స్థానంలో వచ్చిన పిల్లవాణ్ని జిల్లా పోటీల నాటికి పత్తి ఏరడానికి పంపింది. మధ్యాహ్న భోజనం తిన్న పిల్లను సాయంత్రం ఐదు గంటలకు కళ్లు తిరిగి గ్రౌండులో కూలబడేలా చేసింది. దీప్తి తల్లిదండ్రులు అవసరానికి అమ్ముకున్న పొలాన్ని కూతురు గెలుచుకున్న డబ్బుతో తిరిగి కొనుక్కున్నారని చదివినప్పుడు నాకు సంతోషం వేసింది. అలా తిరిగి కొనుక్కోలేకపోయిన ఇళ్లెన్నో గుర్తొచ్చి బాధ కూడా కలిగింది. పేదరికాన్ని పొగడటం వల్ల మన బాధ్యత తగ్గినట్టు మనకు అనిపిస్తుంది తప్ప పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

కష్టపడే గుణం ఎక్కడి నుంచి వస్తుందన్నది నేను ఎక్కువగా ఆలోచించిన విషయం. ఉపదేశంతో అది రాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పనిలో పడే తల్లిని రోజూ చూసే పిల్లకు అది వేరే నేర్పనక్కర్లేదు. సింధు తల్లిదండ్రులు రమణ గారు, విజయ గారు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు, అర్జున పురస్కారం పొందారు. కూతురికి ఎత్తుతో పాటు వారిచ్చింది ఒక ఆట ఇంటి వాతావరణం: ఓడితే కొంప మునగదని, నొప్పి వేరు, గాయం వేరని, నిద్ర కూడా సాధనలో భాగమేనని తెలిసిన ఇల్లు అది. తమ ఆటను ఆమె మీద రుద్దలేదు. ఆమె రాకెట్ పట్టుకుంటానంటే పట్టుకోనిచ్చారు. మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలికి తెల్లవారకముందే బయలుదేరి వెళ్లే ఆ రోజువారీ ప్రయాణంలో తండ్రి తోడుగా ఉన్నారు. రియోకు ముందు కోచ్ గోపీచంద్ గారు ఆమె ఫోను మూడు నెలల పాటు తీసేసుకున్నారని, ఐస్‌క్రీం కూడా మాన్పించారని అప్పట్లో అందరం మురిపెంగా చెప్పుకున్నాం. ఆ ముచ్చట వెనుక గమనించవలసింది ఒకటుంది. కోచ్ పెట్టిన నియమాన్ని ఇంట్లోవాళ్లు చాటుగా సడలించలేదు. ఇరవయ్యొకటో ఏట ఒక అమ్మాయి అంత క్రమశిక్షణను నొచ్చుకోకుండా భరించిందంటే, ఇల్లూ కోచ్ ఒకే మాట మీద నిలబడటం ఆమె చిన్ననాటి నుంచి చూస్తూ పెరిగింది కాబట్టి.

ఆడపిల్లల విషయంలో ఇంటి పాత్ర మరింత పెద్దది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను మొదట పరుగు పందేల కోసం గ్రౌండుకు తీసుకెళ్లింది తండ్రి జమీల్ గారు. అక్కడ అన్ని ఆటల్లోనూ అమ్మాయిలు ఉండి బాక్సింగ్‌లో మాత్రం ఎందుకు లేరని ఆ పిల్ల అడిగింది. బాక్సింగ్ కోచ్ శంసముద్దీన్ గారి దగ్గర చేరింది. సాటి అమ్మాయిలు లేకపోవడంతో అబ్బాయిలతోనే సాధన చేసి, మొహం మీద దెబ్బలతో ఇంటికి వస్తే తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. రేపు పెళ్లి ఎలా అవుతుందని బాధపడింది. బంధువుల మాటలూ పడ్డారు. తండ్రి మాత్రం వెనక్కి తగ్గలేదు. 2011లో జూనియర్ స్థాయిలో ప్రపంచ విజేత అయిన ఆ అమ్మాయికి 2017లో భుజానికి గాయమైంది. 2019 చివర మేరీ కోమ్‌తో ట్రయల్ బౌట్‌లో ఓడిపోయింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది, 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. మొదటి బంగారానికీ ఇస్తాంబుల్‌కీ మధ్య పదకొండేళ్లు గడిచాయి. ఆ పదకొండేళ్లూ ఓపిక పట్టింది ఆమె ఒక్కతే కాదు, ఆ ఇల్లంతా పట్టింది.

మీ శాఖ లెక్కల్లోకి ఎక్కని ఒక నష్టం ఎనిమిదో తరగతిలో జరుగుతుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో 400 మీటర్లు బాగా పరిగెత్తే అమ్మాయి ఉండేది. ఒక సోమవారం నుంచి గ్రౌండుకు రావడం మానేసింది. వాళ్లమ్మ పొలం నుంచి తిన్నగా బడికి వచ్చి, చేతులకు అంటిన మట్టి కొంగుకు తుడుచుకుంటూ, "పెద్దమనిషి అయింది సారూ, ఇక పరుగులు వద్దు, నలుగురూ ఏమనుకుంటారు" అంది. నేను చెబితే వినేది కాదు. మా బడిలోని సోషల్ టీచరమ్మ రెండు సాయంత్రాలు వాళ్లింటికి వెళ్లి కూర్చుంది. నిక్కరు కింద మోకాళ్ల దాకా లెగ్గింగ్ వేసుకోనివ్వాలని, ఆరింటికల్లా ఇంటికి చేర్చాలని, ఊరు దాటి వెళ్లే పోటీలకు ఒక టీచరమ్మ తోడు రావాలని తల్లి అడిగింది. అందులో ఒక్కటి కూడా అన్యాయమైన కోరిక కాదు. ఆ తర్వాత వాళ్ల నాన్న రోజూ సాయంత్రం బండి వేసుకుని వచ్చి గోడ పక్కన కూర్చునేవాడు. కొన్నాళ్లకు స్టాప్‌వాచ్ అడిగి తీసుకుని తనే టైము చూడటం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. ఇంటర్ దాకా పరిగెత్తి ఇప్పుడు పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తోంది. తోడు వెళ్లడానికి టీచరమ్మకు ఆన్‌డ్యూటీ ఇవ్వలేదు. ఆమె తన సెలవు పెట్టుకుని వెళ్లింది. మంచి మనసున్న ఒక మనిషి సెలవుల మీద ఆడపిల్లల క్రీడా భవిష్యత్తు ఆధారపడి ఉండకూడదు కదా.

సిడ్నీలో 2000 సంవత్సరం సెప్టెంబరు 19న కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు దశల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారు నడిపిన చిన్న వ్యాయామశాలలో ఆమె ప్రయాణం మొదలైంది. సన్నగా ఉన్నావు, ఇది నీవల్ల కాదని మొదట వెనక్కి పంపారట. వెళ్లి ప్రయత్నించమని ధైర్యం చెప్పింది తల్లి. ఆమె అక్కచెల్లెళ్లూ బరువులెత్తినవారే. నన్ను ఆకట్టుకునేది ఆ ఒక్క పతకం కన్నా ఆ ఊరు. అదే ఊసవానిపేట నుంచి పూజారి శైలజ వచ్చి కామన్వెల్త్ క్రీడల్లో బంగారం గెలిచింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ కూడా అలాంటి ఊరే. వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషి అక్కడి అమ్మాయే. మారుమూల పల్లెల్లో ఇంతమంది పుట్టుకతోనే బలశాలులై ఉంటారా? ఒక గురువు ఒక చోట స్థిరంగా కూర్చుని, ఏళ్ల తరబడి తెల్లవారుజామున తలుపు తీస్తే, పక్కింటి అమ్మాయి ఎత్తడం చూసి తనూ ఎత్తాలనుకునే పిల్లలు తయారవుతారు. ఊరే పెంపకం చేస్తుంది. మన బళ్లలో పీఈటీని ఒకచోట కుదురుకోనిస్తున్నామా? సర్దుబాటు పేరుతో ఈ బడికీ ఆ బడికీ తిప్పుతున్నాం, మిగతా వేళల్లో జనగణనకో ఎన్నికల విధులకో యాప్‌లలో ఫోటోలు ఎక్కించడానికో వాడుకుంటున్నాం.

ఓర్పు గురించి చెప్పాలంటే విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. తండ్రి ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పని చేసేది. పోర్టు హైస్కూల్లో చదువుతున్నప్పుడు ఆమె ఎత్తు చూసి అడ్డంకుల మీదుగా దూకుతూ పరిగెత్తే హర్డిల్స్‌కు పనికొస్తుందని పోల్చుకున్నది వ్యాయామ ఉపాధ్యాయుడే. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి అప్పటిదాకా చెక్కుచెదరని జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2020లో విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో పరిగెత్తింది, నిషిద్ధ మందులు వాడలేదని తేల్చే డోప్ పరీక్ష జరగలేదన్న సాంకేతిక కారణంతో దాన్ని రికార్డుగా లెక్కించలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09లో పరిగెత్తింది, రికార్డుగా లెక్కించాలంటే వెనుక నుంచి వీచే గాలి వేగం సెకనుకు 2 మీటర్లకు మించకూడదని నియమం, ఆ రోజు 2.1 ఉంది. అదీ పోయింది. ఆ మరుసటి నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు చేతికొచ్చింది. ఆ తర్వాత 2023లోనూ 2025లోనూ ఆసియా విజేత అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ విభాగంలో పరిగెత్తిన తొలి భారతీయురాలు ఆమే. తన తప్పేమీ లేకుండా తన శ్రమ రెండుసార్లు లెక్కలోకి రాకపోతే, ఆక్రోశంతో కుంగిపోకుండా మళ్లీ స్టార్టింగ్ బ్లాకుల దగ్గరికి వచ్చి నిలబడటం ఏ కోచింగ్ సెంటర్లోనూ నేర్పరు. ఫలితం సంగతి పక్కనపెట్టి నీ పని నువ్వు చేసుకుపో అని చెప్పే తల్లి ఉండాలి, ఆ మాట ఆ తల్లి బతుకులో కనబడాలి.

ఇక బడి సంగతికి వస్తాను. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్నచోట ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని కూడా ఉంది. పాఠశాల విద్యకు కేంద్రం నడిపే సమగ్ర శిక్షా పథకం కింద ఆట సామగ్రికి ఏటా ప్రాథమిక బడికి 5 వేలు, ప్రాథమికోన్నతకు 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేల రూపాయలు ఇవ్వాలని నిర్ణయం ఉంది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. క్షేత్రంలో కొన్న వాలీబాళ్లు పోతాయన్న భయంతో హెడ్మాస్టరు గదిలోని బీరువాలో ఉంటాయి. గ్రౌండులో అదనపు గదులు లేస్తాయి, మిగిలిన జాగాలో ఎవరిదో ధాన్యం ఆరుతుంది. ఇక డ్రిల్లు పీరియడుది అన్నిటికన్నా దయనీయమైన గతి. దసరా దాటేసరికి లెక్కల మాస్టారు అడుగుతారు, సైన్సు మాస్టారు అడుగుతారు, సంక్రాంతి తర్వాత టెన్త్ ప్రత్యేక ప్రణాళిక పేరుతో ఆ పీరియడు టైమ్ టేబుల్‌లో పేరుకు మాత్రమే మిగులుతుంది. నగరాల్లో అపార్టుమెంటు భవనాల్లో నడిచే ప్రైవేటు బళ్ల గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆటస్థలం లేని బడికి గుర్తింపు ఎలా వచ్చిందో దానికి సంతకం పెట్టినవారే చెప్పాలి.

ప్రాథమిక పాఠశాలల్లో పీఈటీ పోస్టే ఉండదు. అయితే క్రీడా పాఠశాలలకు ఎంపిక జరిగేది నాలుగో తరగతికి. హకీంపేట క్రీడా పాఠశాల లాంటి చోట సీటుకు 30 మీటర్ల పరుగు, నిలబడి దూకే లాంగ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వంటి పరీక్షలు పెడతారు. ఆ పరీక్షలు ఉన్నాయన్న సంగతే తెలియని తండాలు, గూడేలు, బెస్తవాడలు ఎన్నో! తల్లిదండ్రుల్లో ఒకరు చదువుకున్నవారైతేనే ఆ నోటిఫికేషన్ ఇంటికి చేరుతుంది. వీటిలో ఏ పరీక్షకూ ఖరీదైన పరికరం అక్కర్లేదు. సున్నం పొడి, టేపు, విజిల్, ఒక స్టాప్‌వాచ్ చాలు. మూడో తరగతి పిల్లలందరికీ ఏటా ఒకసారి తమ ఊరి బడిలోనే ఈ పరీక్షలు జరిపి, ఫలితాన్ని ప్రోగ్రెస్ కార్డు మీద రాసి తల్లిదండ్రుల చేతిలో పెడితే, మీ బిడ్డలో ఈ శక్తి ఉందని ప్రభుత్వమే ఆ ఇంటికి కబురు చెప్పినట్టవుతుంది. ఆ కబురు అందిన ఇల్లు ఎంత మారుతుందో నేను కళ్లారా చూశాను.

నా తోటి ఉపాధ్యాయులకు కష్టం కలిగినా సరే, వయసు దిద్దే దురలవాటు గురించి రాయక తప్పదు. అండర్-14, అండర్-17 పోటీలకు ఎంట్రీ ఫారాలు నింపే రోజుల్లో పుట్టిన తేదీలు మారిపోతాయి. కొన్నిసార్లు తల్లిదండ్రులే అడుగుతారు, కొన్నిసార్లు బడివాళ్లే సలహా ఇస్తారు. క్రికెట్ బోర్డు చిన్న వయసు పోటీల్లో ఎముకల ఎదుగుదలను ఎక్స్‌రే తీసి చూడవలసి వస్తోందంటే ఈ జబ్బు ఎంత లోతుకు వెళ్లిందో ఆలోచించండి. ఇందులో ఓడిపోయేది ఎదురుగా నిలబడిన నిజమైన పదమూడేళ్ల పిల్లవాడు మాత్రమే కాదు. వయసు దాచి గెలిచిన పిల్లవాడికి అమ్మా నాన్నా మాస్టారూ కలిసి నేర్పిన మొదటి పాఠం మోసం. రేపు వాడికి ఎవరైనా సూది మందు చూపిస్తే వద్దనే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? 2001లో ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక గోపీచంద్ గారు శీతల పానీయం ప్రకటనను వద్దన్నారు. తాను తాగని దాన్ని పిల్లలకు ఎలా తాగమంటానన్నది ఆయన పట్టుదల. ఆ నిగ్రహం ఒక్క రోజులో వచ్చేది కాదు. కాబట్టి పుట్టిన తేదీ దిద్దినట్టు తేలితే శిక్ష పిల్లవాడికి వేసి ఊరుకోకుండా, సంతకం చేసిన పెద్దలను బాధ్యులను చేయమని కోరుతున్నాను.

అదే గోపీచంద్ గారు, సంపన్న కుటుంబం కాకపోతే పిల్లలను ఆటల్లోకి పంపవద్దని తల్లిదండ్రులకు చెబుతున్నానని 2025లో అనడం చాలామందిని కలవరపెట్టింది. గచ్చిబౌలిలో అకాడమీ కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి నోట ఆ మాట వచ్చిందంటే అది నిరాశతో అన్న మాటగా కొట్టిపారేయలేం. ఆడి ఆడి ఇరవై అయిదేళ్లకు ఖాళీ చేతులతో నిలబడిన యువకులను ఆయన నాకన్నా ఎక్కువమందిని చూసి ఉంటారు. ఆ మాటకు మన దగ్గర సమాధానం ఉండాలి, ఆ సమాధానం బడిలోనే మొదలవ్వాలి. ఆట వైపు వెళ్లిన పిల్లకు చదువు తెగిపోకుండా చూడగలిగింది మీ శాఖ ఒక్కటే. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, రాష్ట్ర పోటీలకు వెళ్లి వచ్చిన పిల్లకు ఆ పది రోజుల పాఠాలు ఎవరూ చెప్పరు, యూనిట్ పరీక్ష రాయలేదని మార్కులు పోతాయి, హాజరు తగ్గిందని తల్లిని పిలిపిస్తారు. ఆ తల్లి భయపడి ఆట మాన్పిస్తే తప్పు ఆమెది ఎలా అవుతుంది?

అందుకని నేను అడుగుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఆటల పీరియడును మరో సబ్జెక్టుకు వాడుకోకూడదని, పదో తరగతికి కూడా ఇది వర్తిస్తుందని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. తనిఖీకి వచ్చిన అధికారి గణితం నోటు పుస్తకాలు చూసినట్టే గ్రౌండు కూడా చూడాలి. పోటీలకు వెళ్లిన రోజులను హాజరుగా లెక్కించి, తప్పిన పరీక్షను తిరిగి రాయనివ్వండి, తప్పిన పాఠాలు చెప్పే బాధ్యత ఒక ఉపాధ్యాయుడికి పేరు పెట్టి అప్పగించండి. ఖాళీగా ఉన్న వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులను నింపండి, నింపినవారిని ఒక చోట కనీసం కొన్నేళ్లు ఉండనివ్వండి. ఆడపిల్లల జట్టుతో వెళ్లే మహిళా ఉపాధ్యాయులకు ఆన్‌డ్యూటీ, ప్రయాణ భత్యం ఇవ్వండి. సాయంత్రం గ్రౌండులో ఆగే పిల్లలకు ఏదైనా తినడానికి పెట్టండి. తెలంగాణలో టెన్త్ ప్రత్యేక తరగతులకు ఆగిన పిల్లలకు సాయంత్రం అల్పాహారం పెట్టిన అనుభవం ఉంది. పరుగెత్తే పిల్లకు ఆకలి అంతకన్నా తక్కువ వేయదు కదా! రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, ఒక బెల్లం ముక్క చాలు. మిగతాది ఆ పిల్లలే చూసుకుంటారు.

తల్లిదండ్రుల సమావేశాలకు రెండు రాష్ట్రాలూ ఈమధ్య మంచి ప్రాధాన్యం ఇస్తున్నాయి. ఆ సమావేశాల్లో మార్కుల జాబితాతో పాటు పీఈటీ కూడా తల్లిదండ్రులతో మాట్లాడే ఏర్పాటు ఉండాలి. బిడ్డను కొట్టి ఆడించవద్దని, ఓడిన రోజు అన్నం దగ్గర పోటీ ప్రస్తావన తేవద్దని, పక్కింటి పిల్లతో పోల్చవద్దని, గాయమైతే పసుపు రాసి మర్నాడే దింపవద్దని చెప్పేవారు ఊళ్లలో లేరు. మితిమీరిన సాధనతో పన్నెండేళ్లకే మోకాళ్లు పాడు చేసుకున్న పిల్లలను నేను చూశాను. వాళ్ల తల్లిదండ్రులు ప్రేమతోనే ఆ పని చేశారు. కష్టపడటం ఎంత ముఖ్యమో ఎక్కడ ఆపాలో తెలియడమూ అంతే ముఖ్యమని, ఆ హద్దు చూపించేవాడే గురువని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పోటీలకు వెళ్లే పిల్లల భద్రత గురించి, ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పుకోవాలో కూడా ఆ సమావేశంలోనే, పిల్లల ఎదుటే చెప్పాలి.

కొత్త విద్యా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. టైమ్ టేబుళ్లు మే నెలాఖరుకే తయారవుతాయి, మండల స్థాయి పోటీలు వర్షాకాలంలోనే మొదలైపోతాయి. ఆలోగా రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఆటల పీరియడు మీద ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చి, దాని ప్రతిని ప్రతి బడి నోటీసు బోర్డు మీద తల్లిదండ్రులకు కనబడేలా పెట్టించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. మూడో తరగతి పిల్లల శారీరక పరీక్షలను మొదట రెండు రాష్ట్రాల్లో చెరొక వెనుకబడిన మండలంలో జరిపి చూడదలిస్తే, వాటిని నిర్వహించడానికి నాలాంటి విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. పారితోషికం అక్కర్లేదు, పిలిస్తే విజిలూ టేపూ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు